ఆయన బదులు మీరు సంతకం పెడితే చెల్లుతుందా?

పొద్దుటి వంట అయింది. పిల్లల క్యారేజీలు సర్దారు. కాస్త కాఫీ కలుపుకుని కూర్చుందామనుకునే వేళకి వీధి అరుగు మీద నలుగురు పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారనుకోండి. ఒకాయన మీవారికి వేలు విడిచిన మేనమామ. ఇంకొకాయన లారీ ఓనరు తరఫు మనిషి. మూడో ఆయనెవరో మీకు తెలీదు గానీ, చంకలో కాగితాల సంచీ ఉంది. మంచినీళ్ళు తాగి గొంతు సవరించుకుని, "చూడమ్మాయ్, కోర్టుల చుట్టూ తిరిగితే చెప్పులరగడం తప్ప ఒరిగేదేం లేదు. మూడు లక్షలు ఇప్పిస్తాం. వాడెటూ సంతకం పెట్టలేడు కదా, పెళ్ళానివి, నువ్వు పెడితే చాలు" అన్నారనుకోండి.

లోపలి గదిలో మంచం మీద మీవారు. మూడు నెలల కిందట నిడుబ్రోలు స్టేషన్లో చుట్టాల్ని రైలెక్కించి స్కూటరు మీద తిరిగొస్తుంటే లారీ తగిలింది. కాలు అతుక్కుంది. తలకి తగిలిన దెబ్బే మానలేదు. అన్నం పెడితే తింటారు, పెట్టకపోతే అడగరు. కూతుర్ని చూసి చెల్లెలి పేరు పెట్టి పిలుస్తారు. పది రూపాయల నోటుకీ ఐదొందల నోటుకీ తేడా తెలీడం లేదు.

ఈ ఇల్లు నేను ఊహించి చెబుతున్నదే. కానీ పొన్నూరు నుంచి చేబ్రోలు మీదుగా గుంటూరు పోయే రోడ్డు పక్క ఊళ్ళలో ఉన్నవాళ్ళకీ, బాపట్ల వైపు వాళ్ళకీ ఇలాంటి అరుగూ, ఇలాంటి మాటలూ కొత్తేం కాదు. మీ వీధిలోనే ఒకరింట్లో జరిగి ఉండొచ్చు.

ఇంతకీ ఆ సంతకం చెల్లుతుందా? చెల్లదు. ఎందుకు చెల్లదో తెలిస్తే, అది మిమ్మల్ని అవమానించే మాట కాదనీ, మీ ఇంటికి కాపలా అనీ మీకే అర్థమవుతుంది.

భార్య అయినంత మాత్రాన...

మైనరు పిల్లలకి తండ్రీ తల్లీ సహజ సంరక్షకులు. ఇది మనందరికీ తెలిసిందే. కానీ పద్దెనిమిది దాటిన మనిషికి, మతి సరిగా లేకపోయినా సరే, పుట్టుకతోనో పెళ్ళితోనో వచ్చే సంరక్షకులంటూ ఎవరూ లేరు. భార్య కాదు, అన్న కాదు, కన్నతల్లి కూడా కాదు. "ఇరవై ఏళ్ళు కాపురం చేసినదాన్ని, ఆయన తరఫున మాట్లాడ్డానికి నాకు హక్కు లేదా?" అని కోపం వస్తుంది. రావాల్సిందే. కానీ అదే మాటని ఆస్తి కోసం కాచుక్కూర్చున్న అన్నగారో, పట్టించుకోని కొడుకో కూడా అనగలరు కదా. మంచివాళ్ళెవరో, కానివాళ్ళెవరో మొహం చూసి చెప్పడం కుదరదు కాబట్టి చట్టం అందర్నీ ఒకే గుమ్మం ముందు నిలబెట్టింది. ఆ గుమ్మం కోర్టుది.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 32వ ఆర్డర్ అని ఒకటుంది. మొదట మైనర్ల కోసం రాసిన నియమాలవి. అందులోనే 15వ రూలు వాటిని మతిస్థిమితం లేనివారికీ, మానసిక బలహీనత వల్ల తమ మంచిచెడ్డలు తాము చూసుకోలేనివారికీ వర్తింపజేసింది. అలాంటివారి తరఫున కేసు నడిపే మనిషిని 'నెక్స్ట్ ఫ్రెండ్' అంటారు. అంటే పక్కన నిలబడ్డ స్నేహితుడన్నమాట. పేరు బాగుంది కదూ! ఆ స్నేహితురాలు మీరే కావచ్చు. కాకపోతే 7వ రూలు ఒక గీత గీసింది. కోర్టు అనుమతి లేకుండా, ఆ అనుమతి రికార్డుల్లో స్పష్టంగా రాయకుండా, నెక్స్ట్ ఫ్రెండ్ ఏ రాజీకీ ఒప్పుకోకూడదు. 1976లో దీన్ని ఇంకాస్త బిగించారు. ఈ రాజీ ఆయన మేలుకేనని మీరు అఫిడవిట్టు ఇవ్వాలి. వకీలు ఉంటే, తన ఉద్దేశంలో కూడా ఇది మేలైనదేనని ఆయన సర్టిఫికెట్ రాసివ్వాలి. ఇద్దరూ రాసిచ్చినా జడ్జిగారు గుడ్డిగా ముద్ర వెయ్యక్కర్లేదు. తనకి తానుగా పరీక్షించి చూడొచ్చు.

అనుమతి లేకుండా రాజీ అయితే? మతి సరిగా లేని మనిషి పక్షాన ఎప్పుడైనా దాన్ని కొట్టేయించవచ్చు. అవతలి పక్షం మాత్రం "మేం కట్టుబడం" అని తప్పుకోలేదు. తలుపు ఒకవైపే తెరుచుకునేలా పెట్టారన్నమాట, మన మనిషి వైపుకి.

అరుగు మీద సంగతి ఇంకా కనాకష్టం. అక్కడ కేసే లేదు, కోర్టే లేదు. స్టాంపు కాగితం మీద ఆయన బదులు మీరు పెట్టే సంతకానికి ఆధారమే లేదు. "చెల్లని కాగితమే కదా, డబ్బు తీసుకుని తర్వాత చూసుకుందాం" అనుకుంటారేమో, ప్రమాదం అక్కడే ఉంది. కాగితం చెల్లకపోయినా గడియారం ఆగదు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం యాక్సిడెంటు జరిగిన ఆర్నెల్లలో క్లెయిము వెయ్యాలి. ఆ గడువుని సవాలు చేస్తూ సుప్రీంకోర్టు దాకా వెళ్ళినవాళ్ళున్నారు, అది వేరే సంగతి. మనకి క్షేమం ఆర్నెల్ల లోపల వెయ్యడమే. లోపలి గదిలో మనిషి కోలుకుంటాడా లేదా అని చూస్తూ, పెద్దమనుషుల మాట వింటూ కూర్చుంటే ఆర్నెల్లు ఎంతసేపు? 

పన్నెండున్నర వేల పౌన్లు

ఇదంతా మన దేశంలో పనికిమాలిన చాదస్తం అనుకునేవాళ్ళ కోసం సముద్రం అవతలి కథ ఒకటి చెబుతాను. ఇంగ్లండులో బార్న్స్‌లీ అనే ఊరుంది. 1999 జూన్‌లో అక్కడ రోడ్డు దాటుతున్న ఒకావిడని మోటారు సైకిలు గుద్దింది. తలకి దెబ్బ. 2003లో కేసు విచారణకొచ్చిన రోజే, కోర్టు ఆవరణలోనే, ఇరుపక్షాల వకీళ్ళూ మాట్లాడుకుని 12,500 పౌన్లకి రాజీ చేసేశారు. ఆవిడ సంతకం పెట్టింది. పైకి చూస్తే మామూలు మనిషిలాగే ఉంది. ఆ దెబ్బ వల్ల ఆవిడకి లాభనష్టాలు బేరీజు వేసుకునే శక్తి పోయిందని అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత వేరే వకీళ్ళు చూస్తే, ఆ దెబ్బకి రావాల్సింది లక్షల పౌన్లలో ఉందని తేలింది. అవతలి పక్షం లెక్కే ఎనిమిది లక్షల పౌన్లు. ఆవిడ పక్షం లెక్క ఇరవై లక్షల పైమాట. 2014 మార్చిలో ఆ దేశపు సుప్రీంకోర్టు ఏమందంటే, సంతకం పెట్టేనాటికి ఆవిడకి ఆ శక్తి లేదు, కోర్టు ఆమోదమూ లేదు, కాబట్టి ఆ రాజీ చెల్లదు అంది. ఆవిడ స్థితి ఎదుటివాళ్ళకి తెలీకపోయినా సరే చెల్లదంది. పదకొండేళ్ళు పట్టింది ఆ మాట అనిపించుకోడానికి. అంత చదువూ, అన్ని సదుపాయాలూ ఉన్నచోటే వకీళ్ళ సమక్షంలోనే అలా జరిగితే, మన అరుగు మీద జరగదా?

పాల పుస్తకమే సాక్ష్యం

ఇక అసలు సంగతి. జడ్జిగారు "ఈ రాజీ ఆయన మేలుకేనా?" అని అడిగితే ఏం చూపిస్తారు? ఇక్కడ మీకు తెలిసినంత ఏ వకీలుకీ తెలీదు. ఎందుకంటే ఆ లెక్క వంటింట్లో ఉంది.

పాలవాడి లెక్క, చాకలి పద్దు రాసుకునే నోటు పుస్తకం ఉంటుంది కదా, అందులోనే ఒక పేజీ ఆయనకి కేటాయించండి. మందులెంత, డైపర్లెంత, కాళ్ళూ చేతులూ ఆడించే ఫిజియోథెరపీ మనిషికెంత, గుంటూరు ఆస్పత్రికి ఆటో ఎంత, ఒంటరిగా లేపలేక సాయానికి పెట్టుకున్న కుర్రాడికెంత. తారీఖు వేసి, బిల్లు ఉంటే పిన్ను గుచ్చి పెట్టండి. నెలకి తొమ్మిది వేలు తేలిందనుకుందాం. ఏడాదికి 1,08,000. అరుగు మీద వాళ్ళిస్తానన్న మూడు లక్షలు మూడేళ్ళకైనా పూర్తిగా రావు. మీవారి వయసు ముప్ఫై ఎనిమిది. నాలుగో ఏడు ఎవరింటికి వెళ్ళి అడుగుతారు?

మరి కోర్టు ఎలా లెక్కేస్తుంది? 2009లో ఢిల్లీ రవాణా సంస్థ మీద వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు వయసుల వారీగా ఒక పట్టిక ఖాయం చేసింది. ఏడాది మొత్తాన్ని ఎన్నిటితో హెచ్చవెయ్యాలో అందులో ఉంటుంది. 26 నుంచి 30 ఏళ్ళ వాళ్ళకి 17, 36 నుంచి 40 వాళ్ళకి 15, 46 నుంచి 50 వాళ్ళకి 13, 56 నుంచి 60 వాళ్ళకి 9. మీవారికి 15. అంటే ఆయన్ని చూసుకునే ఖర్చే 1,08,000 ఇంటూ 15, మొత్తం 16,20,000. ఆయన నెలకి పదిహేను వేలు సంపాదించేవారనుకుంటే, ఇక పని చెయ్యలేరని డాక్టర్లు తేలిస్తే, ఆ సంపాదన పోయినందుకు 27 లక్షలు. బాధకీ, పోయిన జీవితానికీ ఇచ్చేది వేరే. మూడు లక్షలెక్కడ, ఇదెక్కడ!

ఇది గాల్లో లెక్క కాదు. 2007లో తల్లిదండ్రులతో ట్రాక్టరు మీద వెళ్తున్న పన్నెండేళ్ళ పిల్లని లారీ గుద్దింది. ప్రాణం దక్కింది గానీ బుద్ధి తొమ్మిది నెలల పసిబిడ్డ స్థాయిలో ఆగిపోయిందని డాక్టర్లు చెప్పారు. ట్రిబ్యునల్ పదకొండు లక్షల చిల్లర ఇచ్చింది. హైకోర్టు దాన్ని ఇరవై ఐదు లక్షల పైకి పెంచింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 62,27,000 చేసింది. అందులో ఒక్క చాకిరీ పద్దే చూడండి. పగలొకరు, రాత్రొకరు చొప్పున ఇద్దరు మనుషులు కావాలి, ఒక్కొక్కరికి నెలకి 5,000, ఏడాదికి 1,20,000, దాన్ని 18తో హెచ్చవేస్తే 21,60,000. ఇంట్లో తల్లే చేసుకుంటుంది కదా, దానికి డబ్బెందుకు అనలేదు కోర్టు.

అన్నట్టు ఇంటి ఇల్లాలి పనికి విలువ కట్టడం కోర్టులకి కొత్త కాదు. 1989లో జంషెడ్‌పూర్ టాటా వారి వేడుకలో జరిగిన అగ్నిప్రమాదం కేసులో, 2001లో సుప్రీంకోర్టు చనిపోయిన గృహిణుల సేవకి నెలకి 3,000 చొప్పున లెక్క కట్టింది. మన ఇళ్ళలో ఆ మాట ఎవరైనా అంటారా? "ఏముందీ, ఇంట్లోనే ఉంటుందిగా" అంటారు.

అయితే ఒక్క మాట. రాజీ అనగానే మోసం అనుకోకండి. తప్పు కొంత మీవారిదీ ఉంటే పరిహారం తగ్గుతుంది. లారీకి ఇన్సూరెన్సు లేకపోతే గెలిచిన డబ్బు వసూలు చెయ్యడం ఇంకో యజ్ఞం. సాక్షి లేకపోవచ్చు. పదేళ్ళ తర్వాత వచ్చే ముప్ఫై లక్షల కంటే ఈ ఏడే వచ్చే పద్దెనిమిది లక్షలు మేలయిన ఇళ్ళూ ఉంటాయి. ఇప్పటి చట్టం ప్రకారం ఇన్సూరెన్సు కంపెనీ అధికారే ట్రిబ్యునల్ ముందు ఇంతిస్తామని చెప్పొచ్చు. మీకు సమ్మతమైతే దాన్ని అక్కడే రికార్డు చేస్తారు. తేడా అల్లా, ఆ బేరం అరుగు మీద కాకుండా జడ్జిగారి కళ్ళెదుట జరగడం. ఇంత ఎందుకు తగ్గారు అని అడిగే మనిషి ఒకరుండడం.

ఇక్కడే లోక్ అదాలత్ గురించీ చెప్పాలి. మంచి ఏర్పాటే. కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, పని త్వరగా తెములుతుంది. కానీ లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు. మీవారి పరిస్థితి ముందే చెప్పి, డాక్టరు కాగితం పెట్టి, అనుమతి అడిగాకే ఒప్పుకోండి. ఆ రోజు రద్దీలో పేరు పిలిచి "ఒప్పుకున్నట్టేనా అమ్మా" అంటే కంగారుపడి తల ఊపకండి.

వకీలు "వచ్చినదాంట్లో ఇంత పర్సెంటు" అంటే? బార్ కౌన్సిల్ నియమాలు అలాంటి ఒప్పందాన్ని కూడదన్నాయి. ఆ సంగతి మీకు తెలుసని మర్యాదగా తెలియనిస్తే చాలు.

డబ్బు చేతికివ్వరెందుకు?

అనుమతి వచ్చింది, డబ్బొచ్చింది. అంతా మీ చేతిలో పోస్తారా? పొయ్యరు. చాలామంది ఆడవాళ్ళు ఉసూరుమనేది ఇక్కడే. కేరళ ఆర్టీసీ మీద వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ విషయమై కొన్ని సూచనలు చేసింది. 1994 లా రిపోర్టుల్లో ఉన్న ఆ తీర్పుని కోర్టులు ఇప్పటికీ తీస్తూనే ఉంటాయి. తమ డబ్బు తాము కాపాడుకోలేనివారి సొమ్ముని బ్యాంకులో దీర్ఘకాలం ఫిక్సెడ్ డిపాజిట్ చెయ్యాలి, వడ్డీ నెలనెలా నేరుగా అందాలి, ఆ రశీదు మీద అప్పు ఇవ్వకూడదని బ్యాంకుకి రాయాలి, ఆపరేషనో మరోటో ముంచుకొస్తే కోర్టుకి అర్జీ పెట్టుకుని తీసుకోవచ్చు అని దాని సారాంశం.

చేతికి రానివ్వలేదని నొచ్చుకునేముందు ఒక్కసారి ఆలోచించండి. పొన్నూరులో లక్షలొచ్చాయని తెలిస్తే బంధువులెంత త్వరగా వస్తారో మీకు నేను చెప్పాలా? బావగారి అబ్బాయి వ్యాపారం, ఆడబడుచు కూతురి పెళ్ళి, నెలకి రెండ్రూపాయల వడ్డీ ఇస్తానని ఫలానా ఆయన. ఎవరికీ కాదనలేరు మీరు. "ఏం చెయ్యను బాబాయిగారూ, కోర్టు తీయనివ్వదు" అన్న ఒక్క మాట అప్పుడు ఎంత అక్కరకొస్తుందో!

ఇబ్బంది లేదని మాత్రం అనను. ఇంటి కప్పు కారుతుంటే వెయ్యి కాగితాలు పట్టుకుని అర్జీ పెట్టాలంటే విసుగే. అందుకే రాజీ రాసేటప్పుడే వకీలుతో చెప్పి, ఇప్పటిదాకా అయిన ఆస్పత్రి అప్పులకింత, వాటర్ బెడ్డుకీ చక్రాల కుర్చీకీ ఇంత, స్నానాలగది మార్పించడానికింత అని ముందుగా విడుదల చెయ్యమని అడగండి. తర్వాత అడిగేకంటే అప్పుడే అడిగితే తేలిక.

చెల్లెలి వాటా

ఇదంతా యాక్సిడెంట్ల గొడవే అనుకోకండి. పొలాల పంపకాల్లో ఇంకా ఎక్కువ జరుగుతుంది. మాగాణి ఎకరం ధర పెరిగేకొద్దీ ఇంట్లో అమాయకురాలైన ఆడపిల్ల మీద అన్నదమ్ములకి ప్రేమ పుట్టుకొస్తుంది. "దానికేం తెలుసు, మేం చూసుకోమా, వేలిముద్ర వేయించండి" అంటారు.

పాతకాలపు శాస్త్రంలో పుట్టుకతో మతిలేనివారికి వాటా లేదనేవారు. 1928 నాటి చట్టం కూడా వాళ్ళని అలాగే వదిలేసింది. 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షను ఆ మాట తుడిచిపెట్టింది. ఏ రోగమున్నా, ఏ లోపమున్నా వారసత్వం పోదు. ఇక ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు మన ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచే ఉంది. దేశమంతటా వచ్చింది 2005లో. కాబట్టి ఆ అమ్మాయికి వాటా ఉంది. ఆ వాటా వదులుకుంటున్నట్టు ఆవిడ చేత వేయించిన వేలిముద్ర నిలవదు. రిజిస్ట్రేషనుకి వచ్చిన మనిషి మతిలేనిదని కనబడితే సబ్ రిజిస్ట్రారు కాదనాల్సిందే. చట్టం అలాగే చెబుతోంది.

పంపకాల దావా రాజీ అయ్యేటప్పుడు ఎవరి లాభం ఆవిడ లాభానికి అడ్డమో వాళ్ళు ఆవిడ తరఫున నిలబడడానికి లేదు. వాటా మిగుల్చుకునే అన్న ఆవిడకి గార్డియన్ కాలేడు. మీరు వదినగారైతే మీరూ ఒకసారి మనసు గట్టిచేసుకుని ఆలోచించండి. ఎందుకంటే రేపు ఆవిడకి అన్నం పెట్టాల్సింది మీరే, ఆ పొలం మీద అయివేజు ఆవిడ పేర ఉంటే మీకే వెసులుబాటు.

మాత్రలు వేసుకునేవాళ్ళంతా అశక్తులు కారు

ఈ వ్యాసం చదివి, నిద్రమాత్ర వేసుకునే అత్తగారినీ, డిప్రెషన్‌కి మందులు వాడే మరిదినీ కోర్టుకి లాగకండి బాబూ! 2017 మానసిక ఆరోగ్య చట్టం స్పష్టంగా చెప్పింది, మానసిక వ్యాధి ఉన్నంత మాత్రాన మతిలేని మనిషి అనడానికి లేదు, ఆ మాట కోర్టు తేల్చాలి అని. 1872 కాంట్రాక్టు చట్టం అప్పుడే ఇంకో మాట అంది. అప్పుడప్పుడూ మతి తప్పే మనిషి, తెలివిగా ఉన్న సమయంలో చేసుకున్న ఒప్పందం చెల్లుతుంది. తాను చేస్తున్నదేమిటో, దానివల్ల తనకొచ్చేది పొయ్యేది ఏమిటో అర్థం చేసుకోగలుగుతోందా లేదా అన్నదే ప్రశ్న. మతిమరుపు వచ్చిన ముసలావిడ మనవడి పేరు మరిచిపోవచ్చు గానీ, తన ఇల్లెవరికివ్వాలో బాగా తెలిసే ఉండొచ్చు.

మరి జడ్జిగారికెలా తెలుస్తుంది? 1963 లా రిపోర్టుల్లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఒకటుంది. సాక్షులు చెప్పింది వింటే సరిపోదు, జడ్జి ఆ మనిషిని స్వయంగా మాట్లాడించి చూడాలి, డాక్టరు అభిప్రాయమూ తీసుకోవాలి అన్నది అందులో తేల్చిన పద్ధతి. అందరి ముందూ బెదిరిపోయే మనిషైతే తన గదిలోకి పిలిపించి మాట్లాడించవచ్చు. ఆ సంగతి వకీలు చేత ముందే అడిగించండి.

కేసు కోసం నిలబడే నెక్స్ట్ ఫ్రెండ్ వేరు, ఆస్తంతా చూసే గార్డియన్ వేరు. ఈ రెండో దానికి దారులు ఒక్కటి కావు, కాస్త చిక్కే. పుట్టుకతో బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు పద్దెనిమిది దాటాక, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టరు ఉండే స్థానిక కమిటీ గార్డియన్‌ని నియమిస్తుంది. నియమించిన ఆర్నెల్లలో ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా లెక్క చూపాలి. తలదెబ్బలూ, ముసలితనపు మతిమరుపూ ఆ జాబితాలోకి రావు. 1987 నాటి పాత మానసిక ఆరోగ్య చట్టంలో ఆస్తికి మేనేజర్ని పెట్టే ఏర్పాటుండేది. 2018లో కొత్త చట్టం అమల్లోకి రాగానే అదీ పోయింది, దాని బదులు కొత్త చట్టంలో ఏమీ పెట్టలేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో పరిమిత సంరక్షణ అని ఒకటుంది. ఫలానా పనికి, ఫలానా కాలానికి, ఆ మనిషితో సంప్రదిస్తూ చేసేది. పూర్తిగా కోమాలో ఉన్నవారి భార్యలు మాత్రం హైకోర్టు గుమ్మం ఎక్కాల్సి వస్తోంది.

2024 మేలో మద్రాసు హైకోర్టులో అలాంటి ఇల్లాలే ఒకావిడ నిలబడింది. భర్త కోమాలో ఉన్నాడు. వైద్యానికీ, పిల్లల పోషణకీ ఆయన పేర ఉన్న కోటి పైచిలుకు ఆస్తి అమ్ముకోనివ్వమంది. ఒక జడ్జి సివిల్ కోర్టుకి పొమ్మన్నారు. ఇద్దరు జడ్జీల బెంచి మాత్రం, కోమాలో ఉన్న మనిషిని చూసుకోవడమే కష్టం, పైగా ఈవిడని కోర్టుల చుట్టూ తిప్పుతామా అని ఆలోచించి ఆవిడనే గార్డియన్ చేసింది. అమ్మకానికి ఒప్పుకుంది. కానీ వచ్చినదాంట్లో 50 లక్షలు భర్త పేర ఫిక్సెడ్ డిపాజిట్ చెయ్యాలనీ, మూడు నెలలకోసారి వడ్డీ తీసుకోవచ్చుననీ షరతు పెట్టింది. నమ్మకమూ ఉంచింది, తాళమూ వేసింది.

వకీలుకి డబ్బుల్లేవంటే

ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఇచ్చిన హక్కది, దయాదాక్షిణ్యం కాదు. దివ్యాంగులకీ ఉంది. గుంటూరు జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంది. పొన్నూరు, తెనాలి, బాపట్ల, రేపల్లె ఎక్కడున్నా దగ్గర కోర్టులో అడగండి, ఎక్కడికెళ్ళాలో చెబుతారు. ఫోనులో 15100 నొక్కినా సరే. యాక్సిడెంటు క్లెయిములు జిల్లా జడ్జి స్థాయి ట్రిబ్యునల్‌కి వెళ్తాయి. లారీ ఏ ఊరిదైనా, మీరు కాపురముంటున్న చోటి ట్రిబ్యునల్లోనే వేసుకోవచ్చు. ఎక్కడో పొరుగు జిల్లాకి తిరగక్కర్లేదు.

వెళ్ళేటప్పుడు ఎఫ్.ఐ.ఆర్. నకలు, ఆస్పత్రి డిశ్చార్జి కాగితం, స్కానింగు రిపోర్టులు, సదరం సర్టిఫికెట్ ఉంటే అదీ, ఆయన సంపాదన చూపే కాగితం ఏదున్నా అదీ ఒక సంచీలో పెట్టుకోండి. అన్నిటికీ జిరాక్సులు రెండేసి తీయించండి. అసలువి ఎవరి చేతికీ ఇవ్వకండి, సంచీ పట్టుకుని అరుగెక్కిన ఆ మూడో ఆయనకి అసలే వద్దు. నోటు పుస్తకం మరిచిపోవద్దు.

ఆయన్ని కూడా తీసుకెళ్ళమంటే ఓపికున్నంతవరకూ తీసుకెళ్ళండి. ఆ పూట మందులు వేసి, పెరుగన్నం డబ్బా, మారు బట్టలూ పెట్టుకోండి. కోర్టులో పేరు ఎప్పుడు పిలుస్తారో ఎవరూ చెప్పలేరు, ఒక్కోసారి మధ్యాహ్నం మూడవుతుంది. జడ్జిగారు ఆయన్ని పేరడుగుతారు, ఊరడుగుతారు, పక్కనున్నదెవరని అడుగుతారు. ఆయన మీ వంక చూసి చెల్లెలి పేరు చెబితే మీరు దిద్దకండి. చెప్పనివ్వండి.